గడ్డ కరిగే లోపు

ఊపిరి బిగబట్టమన్నారు, బిగబట్టింది. బల్ల ఆమెను మోసుకుంటూ గుండ్రటి యంత్రం లోపలికి పోయింది, తలపైన ఏదో గిర్రున తిరిగి ఆగింది, బల్ల మళ్ళీ బయటికి జరిగింది. వదలమన్నారు, వదిలింది. పూర్తిగా నిద్రపుచ్చం వినీలా, మత్తుగా ఉంటుందంతే, మేం చెప్పేది నీకు వినపడాలి, ఊపిరి ఆపమన్నప్పుడు ఆపాలి, అని డాక్టరు హరినాథ్ ముందే చెప్పాడు. అందుకే అన్నీ వినపడుతున్నాయి. కాకపోతే దగ్గర్నుంచి కాదు, ఇసుకకు చెవి ఆనించి పడుకుంటే సముద్రం వినపడినట్టు, ఎక్కడో కింద నుంచి. పొట్టకు కుడిపక్క, పాత కుట్టు చివర, చర్మం తనది కానట్టుంది. ఆ తనది కాని చోట మూడు సూదులు దిగి ఉన్నాయి. చూడకూడదనుకుంటూనే ఇందాక తలెత్తి చూసింది. సన్నగా, జానెడు పొడవున, వెనక తోకల్లాగా గొట్టాలు, ఆ గొట్టాలు పోయి పోయి గదిమూల నిలబెట్టిన గ్యాసు సిలిండర్ల దగ్గర ఆగాయి. ఆ సరంజామా నెల్లూరుది కాదట, చెన్నై నుంచి వ్యానులో వస్తుందట, డాక్టరు కూడా దాంతోపాటే నెలకోసారి వస్తాడట. కొయ్యడం ఉండదు. సూది మొన దగ్గర చలి పుడుతుంది, ఆ చలి చుట్టూ మంచు ముద్దకడుతుంది, ముద్ద లోపల గడ్డ చచ్చిపోతుంది. చచ్చిపోతుంది అనే మాట ఆయన ఎంత తేలిగ్గా అన్నాడు, రేపు వాన పడుతుంది అన్నట్టు.

గ్యాసు వదిలారు. సైకిలు ట్యూబులోంచి గాలి పోతున్నట్టు సన్నటి చప్పుడు. నర్సు డెబోరా పక్కకు వచ్చింది. "అక్కా, ఇది పెడతుండా. వెచ్చగా ఉంటాది, భయపడబాకు" అంది. పైన చర్మం చలికి కాలిపోకుండా ఉండాలని రబ్బరు చేతితొడుగులో గోరువెచ్చటి నీళ్ళు నింపి, మూతి ముడేసి, సూదుల మధ్య పొట్ట మీద ఆనించింది. మొద్దుబారిన చోట దాని బరువు మాత్రమే తెలిసింది. కాని అంచున, మందు పాకని చోట, వేళ్ళు తెలిశాయి. ఉబ్బిన, ఎముకల్లేని, వెచ్చటి వేళ్ళు. కదలకుండా పొట్టను పట్టుకుని ఉన్న వేళ్ళు. వినీల కళ్ళు మూసుకుంది.

చలి కాలుస్తుందని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పెళ్ళికి ముందు నుంచీ రొయ్యల కంపెనీకి పోయిన మనిషి. పొద్దున్నే కంపెనీ బస్సు విడవలూరు దాటి పట్టపుపాలెం రోడ్డు మీదికి వచ్చి హారను కొట్టేది, ఆడవాళ్ళంతా టిఫిను డబ్బాలు పట్టుకుని పరిగెత్తేవాళ్ళు, షెడ్డులో తెల్లటి టోపీలు, మోకాలి దాకా బూట్లు, ఎదురుగా ఐసు నీళ్ళలో గుట్టలుగా రొయ్యలు. చెయ్యి ముంచితే మొదట గుచ్చుతుంది. తర్వాత మండుతుంది, నిప్పుల్లో పెట్టినట్టే మండుతుంది. తర్వాత ఏమీ ఉండదు. ఆ ఏమీ లేనితనంలో వేళ్ళు వాటంతటవే తల విరిచి, పెంకు వొలిచి, నల్లటి నరం లాగేసేవి, గోరు తెగినా తెలిసేది కాదు, నీళ్ళు ఎర్రబడితే తెలిసేది. కడుపుతో ఉన్నప్పుడూ పోయింది. వద్దంటే వినలేదు. నిలబడి నిలబడి కాళ్ళు పొంగితే, పక్కన వొలిచే వాణక్క స్టూలు లాగి వేసేది, కూచో మే, బిడ్డ బరువు నీకు తెలవడంలా అనేది. అందుకే ముందే వచ్చేసిందా పాప? ఆ నీళ్ళ చలి చేతుల్లోంచి పాకి లోపలికి పోయిందా? కాదంది కాన్పు చేసిన డాక్టరమ్మ. బీపీ అంది. బీపీ కంటికి కనపడదు, చేతికి తగలదు. చలి తగులుతుంది. అందుకే మనసు ఎన్నిసార్లు తిప్పి పంపినా చలి దగ్గరికే పోతుంది.

కళ్ళు మసకలు కమ్మి, కాన్పుకని ఆటోలో పడుకోబెట్టి తెచ్చిన రోజు కూడా ఇట్లాగే పైకప్పు చూస్తూ పడుకుంది. నడుముకింద ఏమీ లేదు, పచ్చగుడ్డ అడ్డం కట్టారు, ఆ గుడ్డకు అవతల ఎవరో బరువైన సంచిలోంచి ఏదో తీస్తున్నట్టు కుదుపు. ఏడుపు వినపడలేదు. లేదు, వినపడింది, పిల్లికూన ఏడ్చినట్టు ఒక్కసారి. నర్సు గుడ్డలో చుట్టుకుని గబగబా పోతుంటే గుడ్డ అంచున ఒక పాదం. అరికాలు. ముడతలు పడి, ఎర్రగా, చింతచిగురు రంగులో. అంతే చూసింది. ముఖం అటువైపుంది. అద్దాలపెట్టెలున్న ఇంకో ఆసుపత్రికి తీసుకుపోయారు. ఇక్కడ ఆమె, కుట్లతో, పాలు పొంగి రవిక తడుస్తూ. అక్కడ పాప. మధ్యలో మస్తాన్. మేనమామ కొడుకు, చిన్నప్పటి నుంచీ బావా అని పిలిచిన మనిషి, పెళ్ళయ్యాక కూడా ఆ పిలుపే. వచ్చినప్పుడల్లా ఎట్టుంది బావా అంటే బాగుంది అనేవాడు. ఆఖరుసారి మాత్రం కొబ్బరిబోండాం పట్టుకుని మంచం పక్కన నిలబడ్డాడు, అది ఇవ్వాలనీ తోచలేదు, కింద పెట్టాలనీ తోచలేదు. వెనకనుంచి అతని నాయన పెంచలయ్య మామ వచ్చి మంచం అంచున కూచుని, తలమీద చెయ్యి వేశాడు. ఆ చేతిలో వల తాడు కోసిన గాట్లన్నీ తలకు తెలిశాయి. పోయిందమ్మా అన్నాడు. ఒకసారి చూపించు మామా అంది. అంతా అయిపోయిందమ్మా, చూస్తే మరచిపోలేవు అన్నాడు. చూడకపోతే మరచిపోతారని ఆయనకు ఎవరు చెప్పారు? చూసిన ముఖాన్ని ఏదో ఒకనాటికి మరచిపోవచ్చు. చూడని ముఖాన్ని ఎట్లా మరచిపోవాలి?

పాపను సరుగుడు తోపులో పూడ్చిపెట్టారని మాత్రం తెలిసింది. ఏ మూలన? సముద్రం వైపా, ఊరి వైపా? "యాడ పెట్టినారు బావా?" అని అడిగితే మస్తాన్ ముఖం తిప్పుకునేవాడు. "వొద్దు వినీ. అడగబాకు." ఎన్నిసార్లడిగినా అదే మాట. మామనడుగుదామంటే, చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని అలల్లోకి తీసుకుపోయిన ఆ మనిషి ఆమెను చూడగానే వల మీదికి వంగిపోయేవాడు. ఆయన కూడా ఎంతోకాలం ఉండలేదు, మరుసటి ఏడు ఒడ్డున వల బాగుచేస్తూ కూచున్నవాడు కూచున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు. ఆ తర్వాత తోపు కొట్టించేశారు. కర్రలు లారీల్లో పోతుంటే వినీల రోడ్డు పక్కన నిలబడి చూసింది. ఆ వేర్లు ఏం తాగి పెరిగాయో ఎవరికి తెలుసు, ఇప్పుడు ఎవరి పందిరికి గుంజలవుతాయో. అంతకుముందు, బోటు సముద్రంలోకి పోని రోజుల్లో మస్తాన్ ఎక్కడికో పోయి, మోకాళ్ళ దాకా ఇసుకతో తిరిగొచ్చేవాడు. తాగుతున్నాడనుకుంది. తాగనీ అనుకుంది. కోపం కూడా వెచ్చగానే ఉంటుంది, దాన్ని పొట్టలో పెట్టుకుని పడుకోవచ్చు.

గడ్డ మొదట చింతగింజంత. స్నానం చేస్తుంటే కుట్టు పక్కన వేలికి తగిలింది. లోపలి దారం ముడి అనుకుంది. తర్వాత వక్కంత. తర్వాత నిమ్మకాయంత. విడవలూరులో చూపిస్తే నెల్లూరు పొమ్మన్నారు, నెల్లూరులో ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సర్ కాదు, కాని ఊరుకునేదీ కాదు, కండలోకి వేళ్ళు పాకించుకుంటూ పోతుంది అన్నారు. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో ఊరే రసాలకు, కోసిన గాయం దగ్గర ఇట్లాంటివి ఒక్కోసారి లేస్తాయట. అది విని ఇంటికి వచ్చిన సాయంత్రం, అత్త నాగులమ్మ వాకిట్లో చేప తోముతూ పక్కింటామెతో అంటోంది: "పాలు తాగకుండా పోయిన బిడ్డ. యాడికి పోతాది? చోటు దొరక్క ఈడనే వొచ్చి కూచునింది." కత్తి ఆపకుండా, కన్నీళ్ళు లేకుండా, ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. వినీల గడపలో నిలబడిపోయింది. డాక్టరు చెప్పిందీ అత్త చెప్పిందీ వేరే మాటలు కావనిపించింది. ఇద్దరూ పాప నుంచే వచ్చిందన్నారు. ఆ రోజు నుంచి ఎడమవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది, బరువు దానిమీద పడకుండా. చెయ్యి వేసుకుని పడుకునేది. నమ్మిందా? నమ్మలేదు. పది దాకా చదువుకుంది, గడ్డ గడ్డేనని తెలుసు. తెలిసినా చెయ్యి అక్కడికే పోయేది. తోపులో చోటు లేదు, ఫోటో లేదు, పేరు లేదు. ఇది మాత్రం ఇక్కడ ఉంది, వేళ్ళకు తగులుతూ, రోజురోజుకూ పెరుగుతూ. పిల్లలు పెరిగినట్టే.

ఒకసారి కోశారు. కోసి తీసిందాన్ని మస్తాన్‌కు చూపించారట, ఆమెకు చూపించలేదు, అది కూడా. ఏడాది తిరక్కుండా అదే చోట మళ్ళీ లేచింది, ఈసారి జామకాయంత. అందరూ అయ్యో అన్నారు. వినీల మాత్రం లోపల్లోపల, సిగ్గుపడుతూనే, వచ్చావా అనుకుంది. ఎవరితోనూ అనలేదు ఆ మాట. నొప్పేమన్నా ఉందా అంటే లేదనేది. నిలబడలేక కంపెనీ మానేసింది. తిన్నది నిలవడం మానేసింది. స్కానులో పేగును నొక్కుతోందని తేలాక, నాలుగు మెతుకులు కక్కుకుని బావిగట్టు మీద కూలబడ్డ రోజున మస్తాన్ ముందు కూచుని, "నువ్వు కూడా పోతే నేనేం చేసేది వినీ?" అన్నాడు. అరవలేదు, బతిమాలలేదు. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగాడు. అందుకే వచ్చింది.

"మొదటి విడత అయింది. ఇప్పుడు కరగనిద్దాం" అంటున్నాడు డాక్టరు. బల్ల లోపలికి పోయి వచ్చింది. ఆయన తెరను ఆమె వైపు తిప్పాడు. "చూడు వినీలా, బాగా వచ్చింది." బూడిదరంగు మసక మధ్యలో నల్లటి గుండ్రం, కోడిగుడ్డులాగా, అంచులు నున్నగా. అయిదో నెలలో డాక్టరమ్మ కూడా ఇట్లాగే తెర తిప్పింది, ఇదిగో తల, ఇదిగో వెన్ను అని వేలు పెట్టి చూపించింది. అప్పుడూ ఇదే బూడిదరంగు. అప్పుడు ఆ మసకలో ఏదో టపటపా కొట్టుకుంటోంది. ఇక్కడ ఏదీ కొట్టుకోవడం లేదు. "ఈ నల్లగా కనపడేదంతా మంచు. లోపల ఉన్నది గడ్డ. కరిగాక ఇంకోసారి గడ్డకట్టిస్తాం. మొదటిసారి ఎక్కడన్నా బతికి ఉన్నా, రెండోసారి బతకదు."

అయితే ఇంకా బతికి ఉంది. అంచున ఎక్కడో, పూర్తిగా చల్లబడని చోట.

"చాలు సార్" అంది వినీల. నాలుక మందంగా ఉంది, మాట సరిగా వచ్చిందో లేదో తెలియక మళ్ళీ అంది. "చాలు. ఆపేయండి."

డాక్టరు దగ్గరికి వచ్చి వంగాడు. ముసుగు పైన కళ్ళు అలసటగా ఉన్నాయి. "నొప్పిగా ఉందా?"

"లేదు సార్."

"మరి?"

వినీల మళ్ళీ తెరకేసి చూసింది. ఆయన కూడా అటు చూసి, "ఇక్కడాపితే మిగిలిన అంచులోంచి మళ్ళీ పెరుగుతుంది. పోయినసారి కోసినప్పుడు జరిగింది అదే. ఈసారి పేగు పూర్తిగా మూసుకుపోతే నిన్ను నెల్లూరుకు తెచ్చే టైము కూడా ఉండకపోవచ్చు. అయినా నువ్వు వద్దంటే ఆపేస్తాను. ఎలాగూ కరగాలి కదా, అంతలో ఆలోచించుకో" అన్నాడు. కోపంగా అనలేదు. అద్దం అవతలి గదిలోకి పోయాడు.

కరుగుతోంది. లోపల ఎక్కడో, చాలా లోతున, నీళ్ళు కదులుతున్నట్టుంది, లేక అనుకుంటోందా? పాప పొట్టలో మొదటిసారి కదిలినప్పుడు కూడా ఇదే సందేహం, కదిలిందా, అనుకుంటున్నానా. షెడ్డులో వాణక్క చేతిని లాక్కుని తన పొట్ట మీద పెట్టుకుంది, ఐసు నీళ్ళ చెయ్యి, ఆ చలికి లోపల దడాలున ఒక తన్ను. ఇద్దరూ నవ్వారు. అంత చలి చేతిని కూడా తన్నగలిగిన పాప. ఆ పాప ఇంత చిన్న మంచుముద్దకు చచ్చిపోతుందా? పాప కాదు. గడ్డ. పాప ఎప్పుడో పోయింది, ఇసుకలో కలిసింది. తెలుసు. తెలిసినదాన్నే ప్రతి రోజూ కొత్తగా తెలుసుకోవలసి వస్తుంది.

డెబోరా చేతితొడుగు తీసేసింది. "చల్లబడిపోయినాదక్కా, మారుస్తుండా" అంది. వేళ్ళు పొట్ట మీద నుంచి లేచిపోయాయి. ఆ చోటంతా ఒక్కసారి బోసిపోయింది. కాసేపటికి కొత్తది వచ్చింది, కొత్త వెచ్చదనం, కొత్త వేళ్ళు.

"దానికి నొప్పి ఉంటాదా?" అని అడిగింది వినీల.

"దేనికక్కా?"

"గడ్డకి."

డెబోరా నవ్వలేదు. పిచ్చిదాన్ని చూసినట్టు చూడలేదు. ఆమె చూపు పొట్ట మీద అడ్డంగా ఉన్న పాత కుట్టు మీదికి పోయింది. "కాన్పు కుట్టా అక్కా ఇది?"

"ఊ. ఆడబిడ్డ. లేదు."

డెబోరా చేతితొడుగును సర్దింది. తర్వాత మెల్లగా, "ఉండదక్కా. చలికి ముందే తిమ్మిరెక్కిపోతాది. దానికేం తెలవదు" అంది.

ఆ మాట వినీల చేతులకు తెలుసు. గుచ్చడం, మండడం, తర్వాత ఏమీ లేకపోవడం. గుచ్చడం, మండడం ఇందాకే అయిపోయి ఉంటాయి. మిగిలింది ఆ ఏమీ లేనిదే. అద్దాలపెట్టెలో పాప ఆఖరున ఎట్లా ఉందో, ఎవరన్నా పక్కన ఉన్నారో లేదో, చెయ్యి వేశారో లేదో తెలియదు. దీనికి మాత్రం తను ఉంది. వెచ్చటి నీళ్ళ చెయ్యి ఒకటి పైన ఉంది.

"అయితే కానీమను" అంది.

మళ్ళీ సన్నటి చప్పుడు. ఊపిరి బిగబట్టమన్నారు, వదలమన్నారు. కంటి చివర నుంచి నీళ్ళు చెవిలోకి జారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి కదపకూడదు. డెబోరా దూదితో అద్దింది. ఆ మత్తులో వినీల ఒక పాదాన్ని చూస్తూ ఉంది. ఎర్రటి అరికాలు, ముడతలు, అయిదు వేళ్ళు, చిటికెన వేలు కొంచెం లోపలికి మడిచి. ఇన్నేళ్ళలో ఆ చిటికెన వేలు ఎప్పుడూ గుర్తు రాలేదు. అప్పుడు చూసిందా, ఇప్పుడు కల్పించుకుంటోందా అని వెతకలేదు. పో అమ్మా, అనుకుంది. పో. నేనిక్కడే ఉన్నాను, చూస్తున్నాను, పో.

సూదులు తీసేశాక చిన్న పట్టీ వేశారు. ఇంతేనా అన్నంత చిన్నది. డాక్టరు వచ్చి, అంతా అనుకున్నట్టే జరిగిందన్నాడు. "ఒక మాట గుర్తుపెట్టుకో. గడ్డ ఇప్పుడే మాయం కాదు. చచ్చింది చచ్చినట్టు అక్కడే ఉంటుంది, నెలల తరబడి ఒళ్ళే కొంచెం కొంచెంగా కరిగించుకుంటుంది. మళ్ళీ మొదలైందేమోనని కంగారుపడొద్దు. స్కానులు తీస్తూ చూస్తుంటాం."

"చేతికి తగలతా ఉంటాదా సార్?"

"కొన్నాళ్ళు తగులుతుంది. తర్వాత తగలదు."

పక్క గదిలోకి మార్చారు. కిటికీలోంచి ట్రంకురోడ్డు హారన్లు, ఎవరో ఆటోవాడు కేకలు. మస్తాన్ వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. ఉతికిన చొక్కా వేసుకున్నా బోటు డీజిలు వాసన పోలేదు. చేతిలో మంచినీళ్ళ సీసా. ఇవ్వాలో వద్దో తెలియక అట్లాగే పట్టుకుని ఉన్నాడు. పొట్ట లోపలి చోటు ఖాళీగా, చల్లగా ఉంది. ఆ చోట ఇన్నాళ్ళు కూచుని ఉన్న మాట ఇప్పుడు నెమ్మదిగా పైకి వచ్చింది, కోపం లేకుండా.

"బావా. యాడ పెట్టినారు పాపని?"

వొద్దు వినీ, అంటాడనుకుంది. అనలేదు. సీసా కిటికీలో పెట్టి, స్టూలు మీద కూచుని, తన చేతులకేసి చూసుకున్నాడు.

"నాకు తెలవదు."

వినీల అతని వైపు తల తిప్పింది.

"తోపు దాకా పోయినా. లోపలికి కాళ్ళు రాలా. రోడ్డు మీదనే కూలబడినా. నాయనొక్కడే ఎత్తుకోని పోయినాడు, గుడ్డలో చుట్టుకోని. ఎంతసేపటికో వొచ్చినాడు. ఆయన్ని అడగడానికి నాకు నోరు రాలా. రేపడుగుదాం, ఎల్లుండి అడుగుదాం అనుకుంటానే ఉండా, ఆయన పోయినాడు." అరచేతులు మోకాళ్ళకు రుద్దుకున్నాడు. "నువ్వడిగినప్పుడల్లా ఏం చెప్పేది? తండ్రై ఉండి కూడా పోలేదని చెప్పేదా? ఎతికినా వినీ. బోటు లేని రోజులన్నీ ఎతికినా. ఏదన్నా రాయి పెట్టినాడేమో, కొమ్మ గుచ్చినాడేమో అని ప్రతి చెట్టు కిందా తడిమినా. తోపు కొట్టేసినాక ఇంకేముంది, అంతా ఒక్కటే ఇసక."

తాగుతున్నాడనుకుంది. ఇన్నేళ్ళూ ఒకే ఇంట్లో, ఒకే చాప మీద, తను గడ్డ మీద చెయ్యి వేసుకుని ఇటు తిరిగి, అతను ఏమీ లేని చేతులతో అటు తిరిగి. తనకు కనీసం ఒక గడ్డ ఉంది. అతనికి అదీ లేదు. ఎవరూ దాచలేదు ఆ చోటుని. తెలిసిన ఒక్క మనిషీ వెళ్ళిపోయాడు, ఇక ఎవరికీ ఎప్పటికీ తెలియదు. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. పొట్టలో చలి వదులుతున్న చోట సన్నగా నొప్పి మొదలైంది.

"నువ్వు చూసినావు గదా" అంది. "అద్దాలపెట్టెలో. ఎట్టుండేది?"

అతను తలెత్తాడు. ఆ ప్రశ్న తననెవరూ అడగలేదన్నట్టు చూశాడు. నిజమే, పాప పోయాక ఎప్పుడూ ఎక్కడ అనే అడిగింది, ఎట్లా ఉండేదని అడగలేదు.

"చిన్నది" అన్నాడు. అరచెయ్యి తెరిచి చూపించాడు. "ఇంతే ఉండేది. జుట్టు మాత్రం బో ఒత్తుగా ఉండేది, నల్లగా, తడిపి దువ్వినట్టు."

"ముక్కు?"

"నీదే. చెవి మాత్రం మా నాయనది, పైన మడిచినట్టు."

"కళ్ళు తెరిచిందా?"

"ఒక్కసారి. నర్సు ట్యూబు సర్దతా ఉంటే తెరిచింది. నేను అద్దానికి ముఖం ఆనించి ఉండా. నన్ను చూసిందో, ఊరికే తెరిచిందో..." ఆగిపోయాడు. చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు.

మందు దిగిపోతోంది. నొప్పి కుట్టు పొడవునా పాకి నడుములోకి దిగింది. నొప్పి మొదలవగానే పిలువక్కా, మాత్ర ఇస్తా అని చెప్పిపోయింది డెబోరా. గుమ్మం దగ్గరే ఉంది, చెయ్యెత్తితే చాలు వస్తుంది. వినీల చెయ్యెత్తలేదు. పళ్ళు బిగబట్టి కొంచెం ఇటు తిరిగింది, అతని ముఖం కనపడేట్టు.

"చెప్పు బావా" అంది. "ఇంకా చెప్పు."